గోదావరి మొగలో కనిపించే వింత జీవాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. కాకినాడ పక్కన కోరింగ మడ అడవికి, అంతర్వేది, ఓడలరేవు ఒడ్డుకి పిల్లల్నీ చుట్టాల్నీ తీసుకెళ్ళడం నాకు ఏళ్ళుగా అలవాటు. ఎవరొచ్చినా అడిగేవి దాదాపు ఇవే. టీవీలో పగడపు దిబ్బలు చూసి, వింతలన్నీ ఎక్కడో దూరాన ఉన్నాయనుకుని వస్తారు. మన బుట్టలో చేపకీ మన బురదలో పీతకీ ఉన్న కథలు అంతకంటే తక్కువవి కావని చెప్పాలనే ఇవన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## బయలుదేరే ముందు

ఇవన్నీ చూడాలంటే సముద్రంలోకి దిగాలా? మాకు ఈత రాదు.

అక్కర్లేదు. డెల్టాలో చూడదగ్గ జీవాల్లో సగానికి పైగా బురదలోనో ఇసుకలోనో ఉంటాయి. కోరింగ అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చొల్లంగి వైపు నుంచి వెళ్తే మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడుస్తూనే బోలెడు కనిపిస్తాయి. చేపల సంగతులకైతే రేవు చాలు. తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకి కాకినాడ కుంభాభిషేకం రేవులో ఒక గంట నిలబడండి.

పోయినసారి వస్తే నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఏ వేళకి రావాలి?

మీరు పోటు మీద వచ్చి ఉంటారు. పాటు మీద, అంటే నీరు వెనక్కి తీసే వేళ రావాలి. ఇక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అవి రోజూ ఒకే గంటకి రావు, సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంటాయి. అందుకే నిన్న ఉదయం ఎనిమిదింటికి బురద బయటపడిందని ఇవాళా ఎనిమిదింటికే వెళ్తే సరిపోదు. అమావాస్యకీ పున్నమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీరు బాగా లోపలికి తీస్తుంది కాబట్టి అప్పుడు రావడం అన్నిటికంటే మేలు. గడియారం కన్నా రేవులో పడవ కట్టుకునే మనిషిని అడగడం మంచిది. ఆయనకి పోటు వేళ నోటి లెక్కే.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

తాబేళ్ళకి జనవరి నుంచి మార్చి. పులసకి జులై నుంచి సెప్టెంబరు. పీతలూ బురద చేపలూ ఏడాది పొడవునా ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం, అప్పుడు రేవు బోసిగా ఉంటుంది.

## మడ అడవి బురదలో

అది చేపేనా? బురద మీద గెంతుతోంది, చెట్టు వేరు కూడా ఎక్కింది!

చేపే. మొప్పలున్నాయి, రెక్కలున్నాయి. కాకపోతే తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకోగలదు. అందుకే మధ్యమధ్య గుంటలో దొర్లి ఒళ్ళు తడుపుకుంటుంది. దాని కళ్ళనే కాసేపు చూడండి. బొడిపెల్లా పైకి ఉన్న ఆ కళ్ళు ఉన్నట్టుండి గుంటలోకి దిగి మళ్ళీ పైకొస్తాయి. కన్ను తడుపుకునే తీరు అది.

అసలు విశేషం బురద కింద ఉంది. మగచేప బొరియ తవ్వి, లోపల ఒక గదిలా చేస్తుంది. గుడ్లు ఆ గదిలో ఉంటాయి. మడ బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, నాలుగు వేళ్ళ లోతు తవ్వితే వచ్చే కుళ్ళిన గుడ్డు వాసనే అందుకు సాక్ష్యం. అలాంటి చోట గుడ్లు బతకాలి కాబట్టి మగచేప పైకొచ్చి నోటి నిండా గాలి పట్టి, లోపలికెళ్ళి ఆ గదిలో వదులుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పడుతుంది. జపాన్‌లో ఒక జాతిని పరిశీలించినప్పుడు ఇంకొకటి తెలిసింది. గుడ్లు పగిలే రోజు రాగానే, రాత్రి పోటు వేళ ఆ తండ్రే గదిలోని గాలిని నోటితో బయటికి తోడేస్తుంది. నీరు లోపలికొచ్చి గుడ్లు తడిసి పిల్లలు బయటపడతాయి. ఇన్నాళ్ళు గాలి మోసిందీ అదే, ఆ గాలిని ఖాళీ చేసిందీ అదే. నేను ఆ బొరియ పక్కన అడుగు వేయను, పిల్లల్ని వేయనివ్వను.

ఈ చిన్న పీతకి ఒక డెక్క ఇంత పెద్దది, రెండోది ఇంతే ఉందేం? మమ్మల్ని పిలుస్తున్నట్టు ఊపుతోంది.

మిమ్మల్ని కాదు, ఆడపీతని. పెద్ద డెక్క మగపీతకే ఉంటుంది. ఊపడం ఒక్కో జాతికి ఒక్కో తీరు, ఆడది ఆ తీరు చూసే తన జాతివాణ్ణి గుర్తుపడుతుంది. ఆ డెక్కతో తినడం కుదరదు. తిండంతా చిన్న డెక్కతోనే. ఆడదానికి రెండూ చిన్నవే కాబట్టి రెండు చేతులా తింటుంది, మగది ఒంటిచేత్తో నెట్టుకురావాలి. పోట్లాటలో పెద్ద డెక్క ఊడిపోతే మళ్ళీ మొలుస్తుంది. కొన్ని జాతుల్లో ఆ కొత్తది చూపుకి పాతదంతే ఉన్నా బరువూ బలమూ తక్కువ. ఎదుటి పీత చూసి జంకితే చాలు, గెలిచినట్టే.

నీటిపిల్లి, నీటికుక్క కనిపిస్తాయా?

నీటికుక్కలు కనిపించే అవకాశం ఉంది. గుంపుగా తిరుగుతాయి, పాయలో చేపల్ని చుట్టుముట్టి ఒక మూలకి తోలి పడతాయి. నీటిపిల్లిని చూడటం మాత్రం అరుదు. అది రాత్రి జంతువు. పిల్లి జాతిలో నీళ్ళంటే వెనకాడనిది, చేప కోసం మునుగుతుంది కూడా. బురద మీద దాని అడుగులు కనిపించినా అదృష్టమే అనుకోండి.

రొయ్యలు చెరువుల్లో పెరుగుతాయి కదా, మడ అడవితో వాటికేం పని?

చెరువులోవి హేచరీ పిల్లలు. సముద్రంలో రొయ్య కథ వేరు. తల్లి సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటుతోపాటు మొగలోకి కొట్టుకొచ్చి, మడ వేళ్ళ మధ్య పెరిగి, ఒక సైజుకొచ్చాక మళ్ళీ సముద్రం దారి పడతాయి. ఆ వేళ్ళ సందుల్లోకి పెద్ద చేప దూరలేదు, రాలిన ఆకు కుళ్ళి తిండి అవుతుంది. వలలో పడే రొయ్య కావాలంటే ఒడ్డున మడ ఉండాలి, ఇందులో రెండో మాట లేదు.

## రేవులో, బుట్ట ముందు

జెల్ల నోట్లో గోలీల్లాంటి గుడ్లున్నాయి. తన గుడ్లు తనే తింటుందా?

మా అమ్మమ్మ కూడా అదే అనుకునేది. చేప బాగుచేస్తూ నోట్లోంచి పసుపుపచ్చ గుడ్లు జారితే "పాపిష్టిది, కన్నవాటిని మింగేసింది" అనేది. నిజం దానికి పూర్తిగా తిరగబడి ఉంది. సముద్రపు జెల్లల్లో గుడ్లని నోట్లో పెట్టుకుని కాచేది తండ్రి. ఆడది పెద్ద పెద్ద గుడ్లు పెడుతుంది, గోలీకాయ ప్రమాణం అన్నది అతిశయోక్తి కాదు. మగది వాటిని నోట్లోకి తీసుకుని, పిల్లలై ఈదేదాకా వారాల తరబడి మోస్తుంది. అన్నాళ్ళూ తిండి మానేస్తుంది. నోట్లో గుడ్లతో దొరికిన జెల్ల కడుపు కోసి చూస్తే ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి తెలిసేటప్పటికి అమ్మమ్మ లేదు. ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేదని నా నమ్మకం.

పండుగప్పలో మగది ఏది, ఆడది ఏది?

సైజు చూసి చాలావరకు చెప్పవచ్చు. పండుగప్ప మొదట మగదిగా ఎదుగుతుంది. కొన్నేళ్ళు మగదిగానే ఉండి, ఆపైన ఆడదిగా మారుతుంది. బుట్టలో చిన్నపాటివి దాదాపు మగవి, ఇద్దరు మోసేంత పెద్దవి దాదాపు ఆడవి. పెద్ద ఒంట్లో ఎక్కువ గుడ్లు పడతాయి కాబట్టి ప్రకృతికి ఈ లెక్క లాభమే. గుడ్లకి ఉప్పు నీరు కావాలి, అందుకని మొగ దగ్గరికి దిగి పెడుతుంది. పిల్లలు పాయల్లోకీ తూముల్లోంచి కాలవల్లోకీ ఎక్కి పెరుగుతాయి. ఇందులో మనం ఆలోచించాల్సింది ఒకటుంది. పెద్ద పండుగప్ప కోసం పోటీపడి పాడుకునేటప్పుడు, ఆ పాట తల్లుల మీదే సాగుతోంది.

పులస ఆస్ట్రేలియా నుంచి ఈదుకుంటూ వస్తుందట, నిజమేనా?

కాదు. పేపర్లలోనూ ఇదే మాట తిరుగుతుంటుంది గానీ, ఆస్ట్రేలియా నీళ్ళలో ఈ చేప లేనే లేదు. పర్షియా గల్ఫు నుంచి బర్మా దాకా ఉన్న తీరాల వెంటే దీని బతుకు. మన దగ్గరికొచ్చేది మన బంగాళాఖాతం చేపే. సముద్రంలో ఉన్నన్నాళ్ళు దాన్ని విలస అంటారు. గోదావరికి వరద తగిలి ఎర్రనీరు మొగ దాటి సముద్రంలోకి పడగానే, ఆ తీపి నీటికి ఎదురెక్కడం మొదలుపెడుతుంది. అప్పుడది పులస. గుడ్లు మంచినీటిలో పెట్టాలి కాబట్టి ఈ ప్రయాణం.

యానాం దాటి, ఏటికి ఎదురీదుతూ, ధవళేశ్వరం ఆనకట్ట దాకా వెళ్తుంది. అక్కడ దారి మూసుకుపోతుంది. ఎదురీత పొడవునా తిండి బాగా తగ్గించేస్తుంది, ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఇంధనం. రుచి మారడానికి కారణం ఈ ఎదురీతా, నీటి మార్పూ. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే మాట మనందరికీ తెలుసు. గుడ్లు పెట్టడానికి వెళ్తున్న చేపనే మనం వెళ్ళే దారిలో ఆపుతున్నామన్న సంగతి కూడా తెలిసి తింటే బాగుంటుందని నేననుకుంటాను.

మలుగు కూడా పులసలాగే ఏరు ఎక్కి గుడ్లు పెడుతుందా?

సరిగ్గా తలకిందులు. మలుగు, అదే పాములా పొడవుగా ఉండే చేప, ఏళ్ళ తరబడి మంచినీళ్ళలో పెరుగుతుంది. గుడ్లు పెట్టే వయసు రాగానే సముద్రంలోకి దిగి, లోతు నీళ్ళలో పెట్టి, అక్కడే చనిపోతుంది. పిల్లలు మొదట ఆకులా పలచగా, అద్దంలా అవతలికి కనిపించేలా ఉంటాయి. ప్రవాహాల మీద తేలుతూ తీరం చేరి, అప్పుడు పాము ఆకారం తెచ్చుకుని ఏరెక్కుతాయి.

నీలకంఠం రొయ్యల్లో కొన్నిటికే నీలి చేతులుంటాయి. అవి వేరే జాతా?

ఒకటే జాతి, హోదా వేరు. మగ నీలకంఠాల్లో మూడు అంతస్తులు. పొట్టివి, నారింజ చేతులవి, పొడవాటి నీలి చేతులవి. నీలి చేతులది పెత్తందారు. ఆడరొయ్యల చుట్టూ కాపలా దానిదే. నారింజది గబగబా పెరుగుతూ ఉంటుంది, చుట్టుపక్కల ఉన్న నీలిదాన్ని ఒళ్ళులో మించిపోయిన తర్వాతే కుబుసం విడిచి తాను నీలి చేతులు వేసుకుంటుంది. పొట్టిది గొడవకి పోదు, పెద్దవి తలపడుతుంటే సందు చూసి జత కడుతుంది. ఒకే ఈడు పిల్లల్ని చెరువులో వదిలినా పట్టుబడిలో సైజులు హెచ్చుతగ్గులుగా రావడానికి ఇదొక కారణం. పెద్దయ్యాక మంచినీటి రొయ్యే అయినా దీని పసితనానికి ఉప్పు తగలాలి, అందుకే గుడ్లు మోసే తల్లి మొగ వైపు దిగుతుంది.

మండపీత కొన్నది మెత్తగా ఉంది. పాడైపోయిందా?

ప్రాణంతో కదులుతుంటే పాడవలేదు, కుబుసం విడిచింది. పీతకి ఎముక బయట ఉంటుంది, అది పెరగదు. ఒళ్ళు పెరగాలంటే పాత డొల్ల వెనక నుంచి చీల్చుకుని, కాళ్ళూ డెక్కలూ కళ్ళ తొడుగుల్తో సహా ఊడబెరుక్కుని బయటికి రావాలి. వెంటనే నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆ కొలతకే కొత్త డొల్ల గట్టిపడుతుంది. అందుకే అలాంటి పీత వండితే లోపల నీళ్ళే ఎక్కువ, కండ తక్కువ. కొనేటప్పుడు పొట్ట వైపు బొటనవేలితో నొక్కి చూడండి, నొక్కుకుపోతే వదిలేయండి.

ఆ మెత్తని ఘడియలోనే ఆడ మండపీతకి జత కట్టే సమయం. మగది ముందే కనిపెట్టి, రోజుల తరబడి దాన్ని తన కింద పొదువుకుని తిరుగుతుంది. డొల్ల ఊడి ఆడది నిస్సహాయంగా ఉన్నంతసేపు కాపలా కాస్తుంది. "పీత కష్టాలు పీతవి" అని ఊరికే అనలేదు. ఆ తర్వాత ఆడది సముద్రంలోకి వెళ్ళి, పొట్ట కింది మడతలో లక్షల గుడ్లు మోస్తుంది. కింద నారింజ రంగు ముద్దతో పీత దొరికితే నీళ్ళలో వదిలేయమని జాలరి బంధువులతో నేను ఎప్పుడూ పేచీ పడుతుంటాను.

గుల్ల విప్పితే ఎర్రగా రక్తం వచ్చింది. తినొచ్చా?

కాకినాడ అఖాతంలో దొరికే ఒక రకం గుల్లకి మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఎరుపు. గాలి ఆడని బురదలో బతకడానికి అది ఉపకారం. చాలా దేశాల్లో తింటారు, బాగా ఉడికించాలి. పీత రక్తంలో ఇనుము బదులు రాగి ఉంటుంది కాబట్టి అది నీలిఛాయ.

## ఇసుక ఒడ్డున

ఇసుక మీద చిన్న చిన్న గుళికలతో ముగ్గు వేసినట్టుంది. ఎవరు వేశారు?

గోరంత పీత. నీరు తీయగానే బొరియలోంచి వచ్చి, ఇసుక నోట్లో పెట్టుకుని, రేణువులకి అంటిన నాచూ సూక్ష్మజీవులూ తినేసి, మిగిలిన ఇసుకని గుళిక చేసి వెనక్కి వదులుతుంది. బొరియ చుట్టూ గీతలు గీతలుగా తిరుగుతుంది కాబట్టి చుక్కల ముగ్గులా తేలుతుంది. గీతల మధ్య ఖాళీ దారి కనిపిస్తుందా? ప్రమాదం వస్తే ఇంట్లోకి పరుగెత్తే బాట అది. పోటు వచ్చి అంతా తుడిచేస్తుంది, నీరు తీయగానే మళ్ళీ మొదలుపెడుతుంది. కార్తీకంలో ఒక తెల్లవారుజామున అంతర్వేదిలో ఒడ్డంతా పరుచుకున్న ఆ ముగ్గు చూసి, కాలు ఎక్కడ పెట్టాలో తోచక అలాగే నిలబడిపోయాను.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీచేప చచ్చిపోయిందిగా, ముట్టుకోవచ్చా?

వద్దు. దాని ఒళ్ళు నూటికి 95 వంతులు నీరే, మెదడు లేదు, గుండె లేదు. కుట్టే కణాలు మాత్రం అది చచ్చాక కూడా పనిచేస్తాయి.

టేకు చేప ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి?

ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టండి. దాని విషం వేడికి చెడిపోతుంది, నొప్పి తగ్గుతుంది. నీళ్ళు మరీ మరిగి ఉండకూడదు, ఒళ్ళు కాలుతుంది. ముల్లు ముక్క లోపల ఉండిపోతే లాగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. లోతు లేని నీళ్ళలో నడిచేటప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే, ఇసుకలో కప్పుకుని పడుకున్న టేకు ముందే తప్పుకుపోతుంది.

## చీకటి పడ్డాక

గుడ్లు పెట్టేటప్పుడు తాబేలు ఏడుస్తుందంటారు. నిజంగా కన్నీళ్ళేనా?

కారేది నిజమే, ఏడుపు కాదు. తాగిన ఉప్పు బయటికి పంపే గ్రంథులు దాని కళ్ళ దగ్గర ఉంటాయి. నీళ్ళలో ఉన్నప్పుడూ కారుతుంది, మనకి కనపడదు. మన తీరానికి వచ్చేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లీలు. అడుగున్నర లోతు గొయ్యి వెనక కాళ్ళతో, కంటితో చూడకుండానే తవ్వి, నూరు గుడ్ల దాకా పెడుతుంది. పూడ్చాక అది చేసే పని చూసి తీరాలి. ఒళ్ళంతా ఈ పక్కకీ ఆ పక్కకీ ఊపుతూ డొల్లతో దబదబా ఇసుకని దిమ్మిస్తుంది. తర్వాత వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

పిల్లలు ఆడవో మగవో ఎలా తెలుస్తుంది?

ఇసుక వేడి నిర్ణయిస్తుంది. గూడు వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి వస్తాయి. వేసవులు ముదురుతున్నకొద్దీ మగవి తగ్గిపోతాయన్న దిగులు అందుకే.

తాబేలు పిల్లలు కనిపిస్తే ఎత్తి నీళ్ళలో వదలొచ్చా?

ఎత్తకండి. 45 నుంచి 60 రోజులకి అవి ఇసుకలోంచి బయటికొస్తాయి. చీకట్లో ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. లక్షల ఏళ్ళుగా ఆ వెలుతురు సముద్రమే. ఇప్పుడు రిసార్టు దీపాలు, చెరువు గట్టు మీది బల్బులు అంతకంటే వెలుగుతున్నాయి. మీరు చేయగలిగిన మేలు దీపం ఆర్పడం, సెల్‌ఫోను లైటు వేయకపోవడం, కుక్కల్ని దూరంగా ఉంచడం. ఆ నాలుగడుగుల నడక వాటినే నడవనివ్వండి. తప్పిపోయి ఊరివైపు వెళ్తుంటే అటవీ శాఖవాళ్ళకి కబురు చేయండి. ఇవి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, గుడ్డు తీసినా నేరమే.

ఒడ్డున అన్ని చచ్చిన తాబేళ్ళు ఎందుకు?

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మర పడవ లాగే వలలో గంటల తరబడి ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. వలకి తాబేలు బయటపడే మార్గం అమర్చే సాధనం ఉంది, అది వాడితే చాలా మట్టుకు బతుకుతాయి. ఏప్రిల్ మధ్యలో మర పడవల వేట నిషేధం మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు అయిపోతుంది. నాకు దీని మీద బాధ ఉంది.

రాత్రి అలల్లో నీలి మంటలా మెరిసింది. ఏమిటది?

కంటికి ఆనీ ఆనని ఏకకణ జీవులు కోట్లకొద్దీ చేరితే అలా ఉంటుంది. నీరు కదిలితే మెరుస్తాయి. అల విరిగినా, తెడ్డు పడినా, మీ కాలు పడినా సరే. తమని తినవచ్చిన దానిమీద వెలుగు పడితే దాన్ని తినేది చూస్తుందని ఒక వివరణ.

## ఇంటికెళ్ళాక పిల్లలు అడిగేవి

ఆక్టోపస్‌కి మూడు గుండెలు ఎందుకు?

రెండు గుండెలు మొప్పలకి, ఒకటి మిగతా ఒంటికి. ఈదేటప్పుడు ఆ మూడోది ఆగుతుంది, అందుకే ఈత కన్నా పాకడం దానికి ఇష్టం. నాడీకణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి.

డాల్ఫిన్ నిద్రపోతే మునిగిపోదా?

మెదడులో ఒక సగం నిద్రపోతుంటే రెండో సగం మేలుకుని ఉండి పైకి తెచ్చి గాలి పీల్పిస్తుంది.

మా వాడు ఒడ్డున శంఖం ఏరుకొచ్చాడు. రాత్రి అది బల్ల మీద నడిచింది! ఇప్పుడేం చేయాలి?

అందులో పీత ఉంది. దాని వెనక భాగం మెత్తన, సొంత డొల్ల లేదు, ఖాళీ శంఖంలో దూరి బతుకుతుంది. ఒళ్ళు పెరిగితే ఇల్లు మారాలి. మంచి శంఖం ఒకటి దొరికితే కొన్ని జాతుల పీతలు పెద్దదాని వెనక చిన్నది చొప్పున వరసకడతాయి. ముందున్నది కొత్త ఇంట్లోకి మారగానే, దాని పాత ఇంట్లోకి వెనకది, అలా చివరిదాకా నిమిషంలో అందరూ మారిపోతారు.

కుళాయి నీళ్ళలో వేయకండి, బయటికి లాగకండి, తెగిపోతుంది కానీ రాదు. సముద్రపు నీళ్ళతో తడిపిన గుడ్డలో వదులుగా చుట్టి, నీడలో ఉంచి, వీలైనంత త్వరగా ఏ ఒడ్డున ఏరారో అక్కడే తడి ఇసుక మీద పెట్టండి. పిల్లాణ్ణి వెంట తీసుకెళ్ళండి. ఏరుకొచ్చిన ఖాళీ శంఖాలు ఇంకేమైనా ఉంటే అవీ దాని పక్కనే వదిలి రండి.